ఒక్క చుట్టులో పంటి జాడ

ఒడిశాలోని రాయగడ మన తెలుగువాళ్లకు పూర్తిగా పరాయి ఊరు కాదు. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రైలుంది, బజారులో తెలుగులో బేరమాడవచ్చు. అయినా కర్మాగారం గేటు దాటితే రిపోర్టు ఇంగ్లిషులో రాయాలి, సమావేశంలో హిందీలో మాట్లాడాలి, ఫిట్టర్లకు ఒడియాలోనో తెలుగులోనో వివరించాలి. తిరిగే యంత్రాల కంపనాలను సెన్సర్లతో కొలిచి, వాటిలో పదేపదే వచ్చే ఆకారాన్ని వేరుచేయడం నా ఉద్యోగం.

నాలుగు ధ్రువాల మోటారుకు 50 హెర్ట్జ్ కరెంటు ఇస్తే అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది. బరువు మోస్తున్న షాఫ్టు మాత్రం కాస్త వెనకబడి 1,480 దగ్గర నడుస్తుంది. దానికి బిగించిన చిన్న గేరుకు 31 పళ్లుంటే, సెకనుకు దాదాపు 765 సార్లు పన్ను పన్నును తాకుతుంది. ఈ తాకిడులన్నీ కంపనాలను కొలిచే సెన్సరైన యాక్సిలరోమీటరుకు అందుతాయి, కానీ పక్క పంపుల మోత, పైపుల ఊగులాట, ఫ్యాను గాలి కూడా వాటితో కలిసి వస్తాయి. ఆ గందరగోళంలో ఒక పంటికి పట్టిన చిన్న పగులు నేరుగా కంటికి కనిపించదు.

చాలామందికి మొదట తోచే మార్గం, సంకేతాన్ని సమాన కాలపు ముక్కలుగా కోసి సగటు తీయడం. షాఫ్టు వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు కనుక అది పనికిరాదు. వేగం మనం అనుకున్నదానికంటే ఒక్క శాతం మారినా 50 చుట్లు గడిచేసరికి అర చుట్టు తేడా వచ్చేస్తుంది, అంటే ఒకవైపు ఉండవలసిన పన్ను ఎదురువైపు పడుతుంది. అందుకే షాఫ్టు మీద ఒక గుర్తు పెట్టి, అది ప్రతి చుట్టులో సెన్సరు ముందుకు వచ్చినప్పుడు ఒక పల్సు తీసుకుంటాం. రెండు పల్సుల మధ్య భాగాన్ని సెకన్లతో కాకుండా కోణంతో కొలిచి, ప్రతి చుట్టుకూ అన్నే బిందువులు వచ్చేలా మళ్లీ లెక్కగట్టాక సగటు తీస్తాం. చుట్టుతో సంబంధం లేని శబ్దం చుట్ల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది. 100 చుట్లకు పదో వంతవుతుంది.

ఎన్ని చుట్లు తీసుకోవాలన్నదే నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క. ఎదుటి గేరుకు 97 పళ్లుంటే, చిన్న గేరు 97 చుట్లు తిరిగేసరికి పెద్దది సరిగ్గా 31 చుట్లు పూర్తిచేస్తుంది, ప్రతి పన్నూ ఎదుటి ప్రతి పంటినీ ఒక్కొక్కసారి కలుసుకుంటుంది. కనుక 97 గానీ దాని గుణిజం గానీ తీసుకుంటే పెద్ద గేరు పళ్లలోని లోపాల ప్రభావం సగటులో చాలావరకు సమసిపోయి, చిన్న గేరు సొంత ముఖం బయటపడుతుంది. అందుకు పట్టేది దాదాపు 4 సెకన్లే.

మా విభాగంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చిన పెద్ద ఫిట్టరు ఒకాయన ఉన్నారు. స్క్రూడ్రైవరు మొనను గేర్ల పెట్టె మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, "చుట్టుకోసారి ఏదో తగుల్తోంది బాబూ" అంటారు. నా పటంలో అదే తాకిడి ఒక కోణం దగ్గర గడ్డలా లేచి కనిపిస్తుంది, కనుక పగులు ఏ పంటిదో లెక్కగట్టి చెప్పగలుగుతాను. షట్‌డౌన్‌లో మూత తీశాక గుర్తు నుంచి పళ్లు లెక్కపెట్టి ఆ పంటి మీద సుద్దముక్కతో గీత గీస్తే చాలు, ఏ భాషవారికైనా మళ్లీ వివరించనక్కరలేదు. ఇంటికి దూరంగా చేసే ఈ కొలువులో నాకు బలమనిపించింది ఇదే.

అయితే సగటులో కనిపించనిదంతా శబ్దమేనని కొట్టిపారేయకూడదు. బేరింగులోని గుండ్లు కొద్దిగా జారుతూ తిరుగుతాయి కనుక వాటి దెబ్బలు షాఫ్టు చుట్టుతో పూర్తిగా కలవవు. తొమ్మిది గుండ్ల బేరింగు బయటి రింగు మీద పగులుంటే చుట్టుకు సుమారు 3.6 దెబ్బలు పడతాయి. సగటు తీస్తే అవి కూడా మాసిపోతాయి. అందుకే అసలు సంకేతం నుంచి సగటును తీసివేసి, మిగిలినదాన్ని విడిగా దాస్తాను. అందులో ఎక్కువ పౌనఃపున్యాల పట్టీని వడకట్టి, దాని శిఖరాలను కలుపుతూ పోయే గీతను (ఎన్వలప్) గీసి, ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే, 1965లో గణితజ్ఞులు కూలీ, ట్యూకీ ప్రచురించిన వేగవంతమైన ఫోరియర్ పద్ధతితో విశ్లేషిస్తే, 89 హెర్ట్జ్ దగ్గర బేరింగు లోపం విడిగా తేలుతుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు నేను రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి చూడమనే చెబుతాను.