విశాఖ నుంచి థార్‌కి: చలికాలంలో ఎడారిలో టెంట్ వేసిన అనుభవం

"ఎడారికెళ్తూ రగ్గులెందుకురా?" అని అడిగింది అమ్మ. విశాఖలో ఉండేవాళ్ళకి ఎవరికైనా వచ్చే సందేహమే. మనకి జనవరిలో కూడా గాలిలో తేమ ఉంటుంది, అది రాత్రి చలిని మరీ పెరగనివ్వదు. జైసల్మేర్ వైపు ఆ తేమా ఉండదు, మబ్బూ ఉండదు. పొద్దు వాలగానే ఇసుక చల్లబడిపోతుంది. పగలు 24 డిగ్రీలున్న చోటే తెల్లవారుజాముకి 7, 8కి దిగుతుంది.

అందుకే ముందు లంబసింగిలో టెంట్ వేసి పడుకుని చూశాను. పైన ఎన్ని కప్పుకున్నా నేలలోంచి వచ్చే చలి ఆగదు. మన బరువుకి స్లీపింగ్ బ్యాగ్ అడుగు భాగం నలిగిపోతుంది, ఇక అది వెచ్చదనం ఇవ్వదు. మందపాటి ఫోమ్ మ్యాట్ కొన్నాను. డబ్బు పెట్టాల్సింది టెంట్ మీద కాదు, దాని మీదే అంటాను.

వైజాగ్ నుంచి జోధ్‌పూర్‌లోని భగత్ కీ కోఠీ స్టేషన్‌కి వారానికోసారి రైలుంది. అక్కడి నుంచి జైసల్మేర్‌కి వేరే రైలు.

జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుక దిబ్బల దగ్గర రిసార్టులు, జీపులు, పాటల హోరు. నేను ఖూరీ అనే పల్లెకి వెళ్ళి, ఊరివాళ్ళని అడిగి, వాళ్ళు చూపించిన చోట టెంట్ వేశాను. ఇసుకలో మేకులు నిలవవు. బియ్యం సంచుల్లో ఇసుక నింపి, టెంట్ తాళ్ళు వాటికి కట్టి లోతుగా పాతిపెట్టాలి. అప్పుడిక ఎంత లాగినా కదలవు. చోటు చూసుకోవడమూ ముఖ్యమే. దిబ్బ కొన మీద గాలి కొడుతుంది, రెండు దిబ్బల మధ్య పల్లంలోకి చల్లగాలి దిగి అక్కడే నిలిచిపోతుంది. గాలికి చాటుగా, వాలు మధ్యలో కాస్త చదునుగా ఉన్న చోటు మంచిది. ఆ రాత్రి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టింది, నాకు మాత్రం హాయిగా నిద్ర పట్టింది.

పగటి ఇబ్బంది వేరు. చెమట వచ్చింది వచ్చినట్టే ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు. మన ఉక్కపోతకి అలవాటుపడ్డవాళ్ళు ఇక్కడ నీళ్ళు తాగడం మర్చిపోతారు. దాహం లేకపోయినా గంటగంటకీ తాగాలి.

ఒక పూట అకల్ శిలాజ పార్కుకి వెళ్ళాను. జైసల్మేర్‌కి దాదాపు 17 కిలోమీటర్లు. 18 కోట్ల ఏళ్ళ నాటి చెట్ల మానులు రాళ్ళయి పడున్నాయి. చుట్టూ ఎండిన నేల, అక్కడ ఒకప్పుడు అడవి!

నాకు అన్నిటికన్నా ముఖ్యం డెజర్ట్ నేషనల్ పార్కు. బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం వెళ్ళాను. మన రోళ్ళపాడు గడ్డిమైదానాల్లో ఒకప్పుడు తిరిగిన పక్షే. ఇప్పుడు దేశమంతా కలిపినా బయట స్వేచ్ఛగా తిరిగేవి దాదాపు 150 మాత్రమేనని అంచనా. దానికి ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు, ఒళ్ళు బరువు కాబట్టి చటుక్కున పక్కకి తిరగలేదు. అందుకే కరెంటు తీగలకి తగిలి చచ్చిపోతున్నాయి. చాలాసేపు కాచుకున్నాక, దూరంగా గడ్డిలో ఒకటి మెడ నిక్కించి నడుస్తూ బైనాక్యులర్‌లో కనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది గుడ్డు నేల మీదే పెడుతుంది, ఆ గడ్డి చక్రాల కింద నలగకూడదు. వెళ్ళేవాళ్ళు బండి దారి దిగొద్దని డ్రైవరుకి ముందే చెప్పండి, ఫొటో దూరంగా వచ్చినా సరే.