అరవై అడుగుల కాలువ

సోమవారం, పర్లాకిమిడి (ఒడిశా)

మా వీధి కాలువ కోసం ఇవాళ మున్సిపాలిటీలో దరఖాస్తు ఇచ్చేశాం. రాత్రి పది దాటింది, కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా రాసే పడుకుంటాను. రేపటికి సగం మర్చిపోతాను.

అసలైతే దరఖాస్తు నిన్న సాయంత్రానికే సిద్ధంగా ఉంది. కాలువ మీద పలకలు విరిగిపోయాయి, కొత్తవి వేయించండి అని. మా అమ్మాయి ఒడియాలో రాసింది. ప్లస్ టూ చదువుతోంది కదా, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. వీధిలో నలభై ఒక్క ఇళ్ళుంటే ముప్పై ఏడు సంతకాలు పడ్డాయి. పొద్దున్నే వెళ్ళి ఇచ్చి రావడమే మిగిలింది అనుకున్నాం.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా వీధిలో పలకలు కొన్ని లేచిపోయాయి, కొన్ని పగిలాయి. ఆ తర్వాత రెండుసార్లు కాగితం పెట్టాం. రెండుసార్లూ "కాలువ బాగు చేయించండి" అని నాలుగు లైన్లే. ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎన్ని అడుగులు, ఏ హోల్డింగు నంబరు (మున్సిపాలిటీ ఇచ్చే ఇంటి నంబరు) దగ్గర, ఏదీ రాయలేదు. ఆ కాగితం పట్టుకుని ఎవరైనా ఏం చేస్తారు? అది మా తప్పే. అందుకే ఈసారి కొలత వేసి రాద్దామని మా మహిళా సంఘంలో అనుకున్నాం. కొలత వేయడానికి మేస్త్రి బాబాయిని పొద్దున్న ఆరున్నరకి రమ్మన్నాం.

మంచు ఇంకా విడలేదు. వానాకాలంలో అయితే కాలువ అడుగు కనపడదు, ఇప్పుడు చాలావరకు ఎండి ఉంది. నేను, ప్రెసిడెంటు వదిన, మా అమ్మాయి టేపు పట్టుకున్నాం. మొదటి ఇంటి నుంచి పెద్ద రోడ్డులో కలిసేదాకా మూడు వందల పది అడుగులు వచ్చింది. విరిగిన పలకలు ఇరవై ఆరు. సరే, రాసేసుకున్నాం, అయిపోయిందనుకున్నాను.

బాబాయి మాత్రం కదల్లేదు. చివరింటి మామ్మ గుమ్మం ముందు నిలబడిపోయాడు. అక్కడ కాలువలో జానెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. "వాన పడి ఎన్నాళ్ళయిందమ్మా? ఈ నీళ్ళు ఎందుకున్నాయి ఇక్కడ?" అన్నాడు. నిజమే. ఆ నీళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ మాట మాలో ఎవరికీ తట్టలేదు.

సైకిలు సంచీలోంచి నీళ్ళ పైపు తీశాడు. తాపీ పనివాళ్ళ దగ్గర ఉంటుంది, లోపల నీళ్ళు కనపడే సన్నటి ప్లాస్టిక్ పైపు. అందులో నీళ్ళు నింపి, గాలి బుడగ లేకుండా వేలితో తట్టి తట్టి పంపించేశాడు. ఒక కొస నాకిచ్చి మామ్మ ఇంటి దగ్గర నిలబడమన్నాడు, రెండో కొస పట్టుకుని పెద్ద రోడ్డు దాకా వెళ్ళాడు. పైపు మధ్యలో ఎన్ని వంకరలు తిరిగినా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో ఆగుతాయి. ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశాను. నీళ్ళు పైకీ కిందకీ ఊగి ఊగి, నా కళ్ళముందే నెమ్మదిగా నిలబడ్డాయి. ఆ మట్టం నుంచి కాలువ అడుగు దాకా టేపు వేస్తే నా దగ్గర ఐదడుగుల రెండంగుళాలు. బాబాయి దగ్గర నాలుగడుగుల పదంగుళాలు.

అంటే నీళ్ళు పోవాల్సిన వైపు కాలువ అడుగు నాలుగంగుళాలు ఎత్తుగా ఉంది. పెద్ద రోడ్డు ఎత్తు పెంచినప్పుడు దాంతో కలిసే అరవై అడుగుల ముక్క కూడా ఎత్తు చేసేసి ఉంటారని బాబాయి అన్నాడు. పలకలు ఎన్ని కొత్తవి వేసినా నీళ్ళు ఎదురెక్కవు కదా. ఇన్నేళ్ళూ మేం అడిగిందే తప్పు. ఒకవేళ డబ్బు శాంక్షన్ అయి ఉంటే చక్కగా కొత్త పలకల కింద అవే నీళ్ళు, అవే దోమలు ఉండేవి. తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

మామ్మ ఇదంతా గడపలో కూర్చుని చూస్తోంది. ఆవిడ గోడ మీద తిత్లీ నాటి నీటి గీత ఇంకా ఉంది, సున్నం వేసినా మళ్ళీ పైకి తేలుతుంది. దానికి కూడా టేపు పెట్టాం. గడప మీద నుంచి పదహారంగుళాలు. "ప్రతి వానకీ నేను మంచం మీద సామాను ఎక్కించుకుంటానమ్మా, మీకు తెలీదు" అంది. అదే వీధిలో ఉంటూ మాకు తెలీదు. మా ఇల్లు ఎత్తు మీద ఉంది.

దరఖాస్తు మళ్ళీ రాయాలి. సంతకాల కాగితం వేరేగా ఉంది కాబట్టి ముందు పేజీ మార్చేస్తే చాలని వదిన అంది. నాకు మనసొప్పలేదు. వాళ్ళు సంతకం పెట్టింది పలకలకి. ఇప్పుడు అడుగుతున్నది చివరి అరవై అడుగులు తవ్వి, వాలు సరిచేసి కట్టమని. అక్కడ నాలుగిళ్ళ మెట్లు కాలువ మీదకే ఉన్నాయి, అవి తీయాలి. ఆ సంగతి చెప్పకుండా వాళ్ళ సంతకం వాడుకుంటే రేపు పని మొదలైన రోజున వీధే రెండుగా చీలిపోతుంది. వదిన ఒక్క నిమిషం ఆలోచించి "పద" అంది.

అమ్మాయి కాలేజీ మానేసి కూర్చుంది. మొదట "మహాశయ, సవినయ నివేదన" అంటూ సగం పేజీ మర్యాదలే రాసింది. ఒక్క లైను ఉంచి మిగతావి తీసేయమన్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే మాటే రాయాలని జీవితమంతా పోరాడారాయన. ఆయన పోరాడింది తెలుగు కోసమే కానీ, ఒడియాకి మాత్రం ఆ మాట వర్తించదా? వీధిని సాహి అని, కాలువని నాళ అని, మేం బజార్లో ఏమంటామో అదే రాయమన్నాను. ఎక్కడ ఎత్తు, ఎంత ఎత్తు, ఎవరింట్లోకి నీళ్ళొస్తున్నాయి. నాలుగిళ్ళ మెట్లు ఉన్నాయని, వాటి సంగతి వీధివాళ్ళమే చూసుకుంటామని కూడా రాయించాను. దాచి ప్రయోజనం లేదు, ఇంజనీరుగారు వస్తే మొదట కనపడేవి అవే.

మళ్ళీ ఇంటింటికీ తిరిగాం. మధ్యాహ్నం రెండయింది. ఈసారి ముప్పై మూడు. మెట్ల ఇళ్ళలో ఇద్దరు పెట్టారు, ఇద్దరు పెట్టలేదు.

గ్రీవెన్స్ రోజు కదా, కలెక్టరుగారికే ఇచ్చేద్దాం అని వీధి చివర ఒకరిద్దరు అన్నారు. నాకైతే ముందు మున్సిపాలిటీకి ఇవ్వడమే సరైనదనిపించింది. కాలువ వాళ్ళది, ఎస్టిమేట్ వేయాల్సింది వాళ్ళే. అక్కడ కదలకపోతే అప్పుడు పైకి వెళ్ళొచ్చు.

ఆఫీసులో భయం వేయలేదు. ఒకప్పుడైతే గుమ్మం దగ్గరే నోరు ఎండిపోయేది. 2020 లాక్‌డౌన్‌లో టౌనుల్లో కూలిపని కల్పించడానికి ఒడిశా ప్రభుత్వం పెట్టిన పథకం, తర్వాత ముక్తా అని పేరొచ్చింది, అందులో కంట్రాక్టర్లు లేకుండా మహిళా సంఘాలకే చిన్న చిన్న పనులు అప్పగించారు. మా సంఘం ఒక చిన్న పని చేసింది. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) రాయడం, సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకోవడం, కూలీల ఖాతాల్లో డబ్బు పడిందో లేదో చూసుకోవడం అన్నీ అప్పుడే వచ్చాయి. చదువుకోని మా వదిన ఆ రోజుల్లో కంకర రాశి చూసి ఎన్ని తట్టలో చెప్పేసేది.

జూనియర్ ఇంజనీరు కుర్రాడే. కాగితం నిలబడే చదవడం మొదలెట్టి, నీళ్ళ పైపు కొలతల దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాడు. ఎలా కొలిచారని అడిగాడు. వదిన ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి దిగిపోయింది, అయినా అతనికి అర్థమైంది. డబ్బు ఏ పద్దులోంచి వస్తుందనేది కూడా చెప్పాడు. 2021 నుంచి 2026 వరకు పదిహేనో ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం మాలాంటి ఊళ్ళకి ఇచ్చే గ్రాంటులో నూటికి అరవై పాళ్ళు ముందే కట్టుబడి ఉంటుందట. అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగతా నలభై పాళ్ళు ఊరి అవసరాన్ని బట్టి కౌన్సిల్ పెట్టుకోవచ్చు. అది కాక రాష్ట్రం ఇచ్చేది, మేం కట్టే హోల్డింగు పన్ను (ఇంటి పన్ను) లాంటి సొంత ఆదాయం. మా పని ఏ పద్దు కిందికి వస్తుందో ఎస్టిమేట్ వేశాక చూస్తామన్నాడు. వచ్చి చూస్తానని మాట ఇచ్చాడు కానీ తేదీ చెప్పలేదు. కొత్త ఏడాది బడ్జెట్‌కి ముందే కౌన్సిల్ ముందుకు వెళ్తే మంచిదని, కౌన్సిలర్‌గారికి ఒక కాపీ ఇవ్వమని తనే చెప్పాడు.

రెండో కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకున్నాం. ఫొటోలు ఆరు, సంఘం తీర్మానం, పన్ను రసీదుల జిరాక్సులు అన్నీ కలిపి కుట్టించాం. ఆ ముద్ర కాగితం ఇప్పుడు బీరువాలో, అమ్మాయి మార్కుల లిస్టుల పక్కన ఉంది.

రాత్రి భోజనాలయ్యాక తలుపు చప్పుడైంది. సంతకం పెట్టని ఇద్దరిలో ఒకాయన. కోపంగా వచ్చాడేమో అని గుండె దడదడలాడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మూడు మెట్లలో ఎన్ని పోతాయమ్మా?"

"రెండు పోతాయన్నా."

"మా అమ్మకి మోకాళ్ళు వంగవు. ఒక్క మెట్టుతో ఎలా ఎక్కుతుంది?"

నా దగ్గర జవాబు లేదు. మామ్మ గడప గురించే రోజంతా తిరిగాను, ఈయన తల్లి మోకాళ్ళ గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. మెట్లు కాలువ మీదకి కాకుండా గోడ వారగా పక్కకి తిప్పి కట్టొచ్చేమో. కట్టగలిగేంత చోటు ఉందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది. రేపు పొద్దున్నే బాబాయి పనికి వెళ్ళకముందు పట్టుకోవాలి. టేపు ఇంకా మా ఇంట్లోనే ఉంది.