చిప్స్ కవాసాకి 1/12: తొమ్మిదో షీటూ పోయింది

పారదర్శక ప్లాస్టిక్ షీటును వేడి చేసి తొమ్మిదోసారి లాగిన అద్దం మధ్యలో గాజులా వచ్చింది. కింద ఎడమ మూల మాత్రం మళ్ళీ ముడతే. అమెరికా టీవీ సిరీస్ ‘చిప్స్’లోని పోలీసు మోటార్ సైకిల్‌కు నేను చేస్తున్న పన్నెండో వంతు నమూనా ఇది. బండి అంతా నిలబడింది, ముందు అద్దం (విండ్‌షీల్డ్) ఒక్కటే లేదు. ఆ పెద్ద అద్దం లేకపోతే అది ఆ సిరీస్‌లోని హైవే పోలీసులు పాంచ్, జాన్‌ల బండి కాదు, ఉత్త పాత కవాసాకి.

మిగతా పని సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంజన్ అయిపోయింది. సిరీస్ 1977 సెప్టెంబరు నుంచి 1983 మే దాకా, 139 ఎపిసోడ్లు నడిచింది. ఆ మధ్యలో బండ్లూ మారాయి: తొలుత జడ్1-పి, కేజడ్900 పోలీసు రకాలు, తర్వాత కేజడ్1000 సి1. 903 సీసీ 1015 అయింది బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 66 నుంచి 70 మి.మీ.కి పెరగడం వల్లే. 1/12లో ఆ తేడా 0.33 మి.మీ., కాబట్టి ఇంజన్ తిరగ చెక్కే బాధ లేదు. చాలామంది కేజడ్1000పి తెచ్చి ‘చిప్స్ బండి’ అంటారు. అది 1982లో వచ్చిన రకం, అప్పటికి సిరీస్ చివరికొచ్చేసింది. మనకు కావలసింది గుండ్రటి హెడ్‌లైట్ ఉన్న పాత ముఖం.

డెకల్స్ (నీటిలో నానబెట్టి అతికించే బొమ్మలు) తెల్ల డెకల్ కాగితం మీద ముద్రిస్తే ఒక్క సారికే కుదిరాయి. హైవే పోలీసు గుర్తులోని నక్షత్రానికి ఏడు మొనలు ఉండాలి, అయిదో ఆరో కాదు.

ఇక అద్దం.

కిట్‌లో ఇచ్చిన పారదర్శక ముక్క మందం 1.2 మి.మీ. పన్నెండుతో హెచ్చిస్తే 14 మి.మీ. పైనే, బ్యాంకు కౌంటర్ అద్దంలా ఉంటుంది. అసలు అద్దం నాలుగయిదు మి.మీ. అనుకుంటే మనకు 0.35 నుంచి 0.4 కావాలి. అంటే వేడి చేసి అచ్చు మీదికి లాగడం తప్ప దారి లేదు.

1, 2: ఓహెచ్‌పీ షీట్లు, అంటే పాత ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్లు. వీటి జోలికి పోవద్దు. ఆ పాలిస్టర్ షీటును తయారీలోనే రెండు దిక్కులా సాగదీసి ఉంచుతారు. వేడి తగలగానే మెత్తబడి వేలాడదు, ముడుచుకుని ఫ్రేములోంచి ఊడొస్తుంది.

3, 4: మిఠాయి పెట్టెల మూతలు, అడుగున పెట్ ప్లాస్టిక్ గుర్తుగా 1 అంకె ఉన్నవి. లాగితే బ్రహ్మాండంగా వస్తాయి, కానీ పొగ పట్టినట్టు తెల్లబడతాయి. మొదట తేమ అనుకుని 60 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఆరబెట్టాను, తేడా లేదు. తేమైతే బుడగలు రావాలి, ఇక్కడ ఒక్క బుడగ లేదు. అసలు కారణం స్ఫటికీకరణ: మామూలు పెట్ 120 డిగ్రీలు దాటి నెమ్మదిగా వేడెక్కితే లోపల స్ఫటికాలు కట్టి పాలలా అవుతుంది. మూడోది ఓవెన్‌లో 95 సెకన్లు ఉంది, అంతటా తెలుపు. నాలుగోది 55 సెకన్లు, అంచుల్లోనే తెలుపు. త్వరగా వేడి చేస్తే తగ్గుతుందన్నమాట, కానీ పూర్తిగా పోదు. ఒక హెచ్చరిక: మందుల స్ట్రిప్పులు, బొమ్మల ప్యాకింగులు పీవీసీ కావచ్చు. మాడితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది, ఇంట్లో వద్దు.

5 నుంచి: 0.5 మి.మీ. పెట్‌జీ, స్ఫటికాలు కట్టని పెట్ రకం. ఇది తెల్లబడదు, ఇక వేరేదాని గురించి ఆలోచించను. ఓటీజీలో పై రాడ్ ఒక్కటే వేసి, 110 మి.మీ. ఫ్రేములో షీటు మధ్య 10-12 మి.మీ. కుంగగానే తీయాలి. 15 దాటిందంటే ముడత ఖాయం. థర్మామీటర్ కంటే ఈ కుంగుడే నమ్మకం.

అయిదోది చెక్క అచ్చు మీద లాగాను, టేకు నారలన్నీ అద్దం మీద అచ్చయ్యాయి. అచ్చును ఎం-సీల్‌తో కప్పి, గరుకు కాగితం 400తో మొదలుపెట్టి 2000 గ్రిట్ దాకా తడిపి రుద్ది, కారు పాలిష్ పెట్టాక నునుపు వచ్చింది. రెండు భాగాల పుట్టీల్లో దీనంత గట్టిగా, చవగ్గా దొరికేది మరొకటి కనపడలేదు. ఖరీదైన హాబీ పుట్టీలు దీనికి దండగ. ఆరోదానికి అలలు పడ్డాయి: అచ్చు చల్లగా ఉంటే వేడి షీటు తాకిన చోటే గడ్డకట్టి పక్కన సాగుతుంది. ఏడోసారి అచ్చును 50 డిగ్రీలకు వేడి చేశాక అలలు పోయాయి, మూల ముడత మొదలైంది.

ఇప్పుడు అక్కడే ఉన్నాం. ముడత పొడవు 9 మి.మీ., ఎత్తు దాదాపు 2, ఎప్పుడూ కింద ఎడమ మూలలోనే. అనుమానాలు మూడు. ఒకటి, ఓవెన్ ఆ వైపు ఎక్కువ వేడి. రెండు, అచ్చులో అక్కడి గాలి పోయే రంధ్రాలు మూసుకుపోయాయి. మూడు, అచ్చే వంకర. ఎనిమిదోదానికి 1.5 మి.మీ. రంధ్రాలన్నీ పిన్నుతో శుభ్రం చేశాను, ముడత అలాగే వచ్చింది. తొమ్మిదోదానికి ఓవెన్‌లోంచి తీశాక ఫ్రేమును సగం చుట్టు తిప్పి అచ్చు మీద పెట్టాను. వేడి తేడా వల్లైతే ముడత కుడికి రావాలి. రాలేదు. అచ్చుతో పాటే ఉంది.

వెర్నియర్ పెడితే అసలు విషయం తేలింది: అచ్చు అడుగు అంచు కుడివైపు 24.9, ఎడమవైపు 27.4. కోసినప్పుడు రంపం వాలింది. రెండున్నర మి.మీ. అదనపు నిట్టనిలువు గోడ, దాని చివర పదునైన మూల. అక్కడ మిగిలిన షీటు పోవడానికి చోటు లేక మడత పడుతోంది. ఇంతవరకూ ఊహే, పదోది చెప్పాలి. ఎడమ అడుగు 2.5 మి.మీ. అరగదీసి, మూలకు 2 మి.మీ. గుండ్రం ఇచ్చి, దాని పక్కన 6 మి.మీ. దూరంలో చిన్న చెక్క దిమ్మ పెడతాను. మిగులు షీటును అది లాక్కుంటుందని ఆశ.

మందం మాత్రం బాగుంది: మధ్యలో 0.38, పై అంచు 0.35, కింది మూలలు 0.22. మూలలు పలచనైనా కత్తిరింపులో పోతాయి.

అతికించడానికి సూపర్ గ్లూ అసలు వాడకూడదు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. తమియా ఎక్స్‌ట్రా థిన్ అనే జిగురు కిట్ల ప్లాస్టిక్ పాలిస్టైరీన్‌కు మహారాజే గానీ పెట్‌జీని సరిగా పట్టదు. పారదర్శక ఎపాక్సీ చుక్కలే మేలు. ముందుగా అద్దాన్ని ఆక్వా గ్లాస్ అనే పారదర్శక వార్నిష్‌లో ఒకసారి ముంచితే చిన్న గీతలు మాయమవుతాయి.

ముందు ఎర్ర దీపాలకు 0402 సైజు బుల్లి ఎల్‌ఈడీలు బిగించాను, స్థిరంగా వెలుగుతున్నాయి. మినుకు సర్క్యూట్ పెట్టమని అడుగుతుంటారు. కాలిఫోర్నియా వాహన చట్టం 21055 సెక్షన్ అడిగేది ముందు నుంచి కనిపించేలా వెలుగుతున్న ఎర్ర దీపం, మినుకు మాట అందులో లేదు. ఆగకుండా వెలిగితేనే ఆ బండికి అందం.

తర్వాత రోడ్డు. సిరీస్‌ను ఇంకా వాహనాలకు తెరవని ఫ్రీవేల మీద తీసేవారు. కాబట్టి డయోరామాలో, అంటే బండి నిలబెట్టే రోడ్డు నమూనాలో, టైరు మరకలు, నూనె చారలు వేయడం తప్పు, కొత్త కాంక్రీటు రంగే వేయాలి. పన్నెండు అడుగుల లేన్ 1/12లో 305 మి.మీ., రెండు బండ్లు పక్కపక్కన హాయిగా పడతాయి. లేన్ గీత మీది బాట్స్ డాట్స్ (రోడ్డుకు అతికించే గుండ్రటి బుడిపెలు) నాలుగంగుళాలవి, అంటే 8.5 మి.మీ. బిళ్ళలు. 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు నుంచి పంచ్‌తో కొట్టి, అంచు రుద్దితే సరి. పక్క బండి జాన్‌ది, రేడియోలో అతని పిలుపు 7-మేరీ-3. ఆరో సీజన్‌లో జాన్ పాత్ర వేసిన లారీ విల్కాక్స్ లేడు, అందుకే ఈ జంటను అయిదో సీజన్ లోపలే ఉంచాలి. అంటే రెండో బండికీ అద్దం కావాలి. పెట్‌జీ షీట్లు ఇంకా ఆరే మిగిలాయి.