లాకుల ఇల్లు కాగితాల్లో దొరికింది

మా తాతయ్య బకింగ్‌హామ్ కాలవ మీద లస్కరు, అంటే లాకుల తలుపులు తీసి మూసే మనిషి. నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం వైపు లాకుల దగ్గర పనిచేసేవాడు. లాకు అంటే నీటిమట్టం మారే చోట పడవల్ని దాటించడానికి రెండు వైపులా తలుపులతో కట్టిన గది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, తూము లేపి, నీళ్లు సమం అయ్యేదాకా ఆగి, ముందు తలుపులు తెరవాలి. శ్రీహరికోట కట్టెలు, ఉప్పు, బియ్యం వేసుకుని మద్రాసు వెళ్లే పడవలకి వేళాపాళా ఉండేది కాదు. అందుకే లాకుల పక్కనే ఇల్లు ఇచ్చారు. మా నాన్న ఆ ఇంట్లోనే పుట్టారు. ఇప్పుడు అది లేదు. ఒక్క ఫొటో కూడా లేదు.

మేముండేది చెన్నైలో, మైలాపూరులో. ఇక్కడా అదే కాలవ. అడయారు నది నుంచి కూవం నది దాకా ఉన్న ఈ ముక్కని 1877-78లో ధాత కరువు నాడు కూలి కోసం వచ్చిన జనం తవ్వారు. ఇప్పుడు దాని మీద తిరుమయిలై స్టేషన్ స్తంభాలు, కింద మురుగు. మా తాతయ్య బతికిన నీళ్లు ఇవేనని నాకు ఏనాడూ తట్టలేదు.

మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు తట్టింది. వాషింగ్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ, 17వ వీధి కలిసే మూలలో చిన్న రాతి ఇల్లు చూశాను. 1830లలో కాలవ లాకు చూసుకునే మనిషి కోసం కట్టినది. సుంకం వసూలు చేసి లెక్క రాసుకునేవాడట. ఆ కాలవా మన కాలవలాగే మురుగైపోయింది. 1870లలో కప్పేశారు, దాని మీదే ఇప్పుడు రోడ్డు. ఇల్లు మాత్రం వదల్లేదు. వీధి పొడిగించినప్పుడు 1915లో ఒకసారి పక్కకి జరిపారు. ట్రాఫిక్‌కి మరీ దగ్గరైందని 2017లో మళ్లీ 36 అడుగులు జరిపి, బాగుచేసి, మరుసటి ఏడు తెరిచారు. నేషనల్ మాల్ అనే అక్కడి పెద్ద మైదానంలో ఉన్న కట్టడాలన్నిటిలోకీ పాతది అదే. అక్కడి నుంచే నాన్నకి ఫోన్ చేశాను. "కాలవ పోయినా ఇల్లు ఉంచారా అమ్మా!" అని చాలాసేపు మాట్లాడలేదు.

తిరిగి రాగానే వెతకడం మొదలుపెట్టాను. మొదట వెళ్లిన ఆఫీసులో పాత కాగితాలు ఎప్పుడో తీసేశామన్నారు. రెండు నెలలు అక్కడే పోయాయి. నెల్లూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోదే కదా, ఎగ్మూరులో పాత రికార్డులు దాచే చోట అడగమని మా పక్కింటి మామయ్యగారు చెప్పారు. ఆయన రిటైరైన ఇంజనీరు.

అర్జీలో "మా తాతయ్య వివరాలు కావాలి" అని రాయబోతే ఆయనే ఆపారు. "లస్కరు పేరు ఏ రిజిస్టరులో వెతుకుతారమ్మా? పని పేరుతో అడుగు. పబ్లిక్ వర్క్స్ శాఖ, కాలవ పేరు, జిల్లా, సంవత్సరాలు రాయి" అన్నారు. నా పని ముందుకు కదిలింది ఆ ఒక్క మాట వల్లే. మీ తాతముత్తాతలు ఇలాంటి చిన్న ఉద్యోగాలు చేసి ఉంటే మీరూ అలాగే వెతకండి. నాన్న పుట్టిన ఏడు 1941. దానికి ముందు పదేళ్లు, తర్వాత అయిదేళ్లు అని రాసి, ఆధార్ నకలు జతచేసి ఇచ్చాను.

అనుమతి వచ్చాక మొత్తం ఆరుసార్లు వెళ్లాను. ఒక్కో ఏటి సూచికలో కాలవ పేరున్న వరుసలన్నీ పెన్సిల్‌తో రాసుకోవడం, చీటీ నింపడం, కట్ట వచ్చేదాకా కూర్చోవడం. కాగితాలు ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. పూడిక తీత, తలుపులకి కొత్త చెక్కలు, గట్టు కోత, అన్నీ అవే. మూడోసారి నుంచి టెన్షన్ పట్టుకుంది, నాన్నకి ఏం చెప్పాలా అని.

ఆరోసారి దొరికింది. లాకు క్వార్టర్స్ మరమ్మతు అంచనా, రెండు పేజీలు. మా లాకే. రెండు గదులు, ముందు వరండా, పెంకుల కప్పు, గదుల కొలతలు. తాతయ్య పేరు ఎక్కడా లేదు. అయినా ఆ కొలతల దగ్గర కళ్లు మసకబారాయి.

నకలు తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి చెప్పాను. పన్నెండు అడుగులు, తొమ్మిది అడుగులు అంటుంటే ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. వరండా అనగానే "పంచ" అని సరిదిద్దారు. అంతా విన్నాక "వంటిల్లు రాయలేదే?" అన్నారు. "వెనకాల, కాలవ వైపు, తాటాకు వేసి మీ నాయనమ్మ కట్టించుకుంది."

పెన్సిల్ అడిగి తీసుకుని, నకలు వెనక వైపు ఇల్లు గీయడం మొదలుపెట్టారు. వంటిల్లు ముందు గీశారు.