రెండు ఐసు ముక్కలు

పన్నెండు దాటింది, నిద్ర రావట్లేదు. పొద్దుట్నుంచీ చేసిన పనులన్నీ పక్కకి పోయి, ఆ రెండు ఐసు ముక్కలే కళ్ళ ముందు కనిపిస్తున్నాయి.

బావమరిది సంక్రాంతికి షికాగో నుంచి తెచ్చిన నల్ల బీరు సీసా సంగతే. విస్కీ పీపాలో నానబెట్టి, చెర్రీ పళ్ళు వేసిన ఇంపీరియల్ స్టౌట్, అంటే నల్లటి గట్టి బీరు. ఇన్నాళ్ళూ బియ్యం డబ్బా వెనక దాచాను. అర లీటరు, 13 శాతం ఆల్కహాలు. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మేదే 8 దాటదు కదా, అందుకే నలుగురం కూర్చుని చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెంగా తాగమని వాడు మరీ మరీ చెప్పాడు. "బావా, ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టు, మరీ చల్లగా ఉంటే రుచేమీ తెలీదు" అన్నాడు. ఇవాళ ఆదివారం, సాయంత్రం అందరం ఉంటాం కదా అని సీసా ఫ్రిజ్‌లో పెట్టి, కాయల ధర చూసొద్దామని రైతుబజారుకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గుంటూరు నుంచి తోడల్లుడుగారు దిగి ఉన్నారు. ఫ్రిజ్‌లో మంచినీళ్ళ కోసం చూస్తే సీసా కనపడిందట, చల్లబడలేదని డీప్ ఫ్రీజర్‌లోకి మార్చారట, గంట ఆగి మూత తీసేశారట. టీపాయ్ మీద రెండు స్టీలు గ్లాసులు, ఒక్కోదాంట్లో రెండు ఐసు ముక్కలు. "రా తమ్ముడూ, నీకూ పోశాను" అన్నారు. ఆయన గ్లాసు అప్పటికే ఖాళీ. "బీరన్నావు, ఇదేంటి దగ్గుమందులా ఉంది, దీనికా ఇంత హడావుడి!"

కాయల సంచి కింద పెట్టి అలాగే నిలబడ్డాను. పెద్దల్లుడు, ఏమంటాం? నా గ్లాసులో గోధుమరంగు నురగ అంచుకి అంటుకుని ఉంది, ఐసు కరిగిన చోట నలుపు పలచబడి చారెడు టీ నీళ్ళలా తేలుతోంది. ఒక గుక్క తాగాను. నిజంగానే దగ్గుమందులా ఉంది! ఆయన మాట తప్పని కూడా అనలేకపోయాను, దాంతో ఇంకా మండింది. ఇది తెరుస్తానని ఎన్ని రోజులు అనుకున్నానో. దీని గురించి చదివి పెట్టుకున్నాను కూడా. 18వ శతాబ్దంలో లండన్‌లో కాచి రష్యా రాణి కేథరీన్ దర్బారుకి పంపిన గట్టి బీరు, అందుకే పేరులో ఇంపీరియల్ అని. అదంతా ఎవరికి చెప్పను? ఆయన టీవీ పెట్టేశారు.

పీపా సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది చదివినప్పుడు నాకు తెనాలి ఇల్లు గుర్తొచ్చింది. అమెరికాలో బర్బన్ విస్కీకి చట్టం ఉంది, లోపల కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాలోనే పెట్టాలి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బర్బన్‌కి పనికిరాదు. దాదాపు 200 లీటర్లు పట్టే ఆ ఖాళీ పీపాల్ని బీరు కాచేవాళ్ళు కొని, చెక్క పీల్చుకున్న విస్కీలో స్టౌట్‌ని నెలల తరబడి నానబెడతారు. ఆవకాయ కలిపిన బేసిన్‌లో అన్నం కలపడం లాంటిదే కదా ఇది! నాయనమ్మ జాడీలకి ఎత్తేశాక బేసిన్ గోడలకి ఆవపిండి, కారం, నువ్వులనూనె అంటుకుని ఉండేవి. అందులో పొగలు కక్కే అన్నం కుమ్మరించి, నెయ్యి వేసి, మణికట్టు దాకా ఎర్రబడేట్టు కలిపేది. ఆ ముద్ద రుచి తర్వాత జాడీలోంచి తీసిన ఆవకాయకి ఏడాది పొడుగునా రాదు. మేం పదకొండు మంది పిల్లలం. కాలవ దగ్గర ఆడుకునే ఆఖరివాడు కూడా వచ్చి కూర్చునే దాకా నాయనమ్మ ఒక్క ముద్ద పెట్టేది కాదు. అన్నం చల్లారిపోతోందే అని అమ్మ గోల పెట్టినా, "రానీవే, వాడూ రానీ" అనేది.

ఇది రాస్తుంటే తెలుస్తోంది, నా కోపం ఐసు మీద కాదేమో. నలభై డిగ్రీల ఎండలో గుంటూరు నుంచి బండి మీద వచ్చిన మనిషి చల్లగా తాగాలనుకోవడంలో తప్పేముంది? ఐసు సంగతి వదిలేస్తాను. నేను వచ్చేదాకా మూత తీయకుండా ఆగాల్సింది. అది మాత్రం మర్చిపోలేను.

సీసా అడుగున ఒక గ్లాసు మిగిలింది. ఆయన వెళ్ళాక కిటికీ గట్టు మీద పెట్టి, ఎనిమిదింటికి తాగాను. అదే సీసాలోదంటే నమ్మలేం. మాడేదాకా వేయించిన బార్లీ, కాఫీ గింజ నమిలినట్టు చేదు. దాని వెనకే ముదురు పాకంలో బెల్లం తీపి, చెక్క వల్ల వచ్చిన వెనిల్లా వాసన. మింగాక నాలుక పక్కల సన్నటి పులుపు, అదీ చెర్రీ. పండులో చక్కెరని ఈస్టే తినేస్తుంది కాబట్టి పులుపూ వాసనా మిగులుతాయి. నేను కేకు మీద చెర్రీ తీపి ఊహించుకున్నాను, మన బేకరీల్లో పెట్టేవి చాలావరకు పాకంలో ఊరి రంగేసిన వాక్కాయలే మరి. బీరులో పండేంటని సంక్రాంతికి బావమరిదితో వాదించాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, రేపు ఫోన్ చేసి చెప్పాలి.

ఇందాక ఈవిడ మంచినీళ్ళకి లేచి, ఖాళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏం వాసనొస్తోందని అడిగాను. మూతి ముడుస్తుందనుకున్నా. మళ్ళీ ఒకసారి వాసన చూసి, "రేగొడియాలు. ఎండలో ఆరబెట్టినప్పుడు, రెండో రోజు" అని వెళ్ళి పడుకుంది.

గ్లాసు నా పక్కనే ఉంది. రెండో రోజు వాసనే.