సైకిల్ మానేయమన్నారు అందరూ

చెయ్యి మళ్ళీ మామూలైంది కాబట్టి నింపాదిగా రాస్తున్నాను. అప్పట్లో ఎడమ చేత్తో జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేకపోయేదాన్ని.

షుగర్ బోర్డర్‌లో ఉందన్నాక సైకిల్ మొదలుపెట్టాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరిచారు, మా ఇంటికి దగ్గరే. రోడ్ బైక్ కోసం షాపుకి వెళ్తే, నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలని చెప్పినా, స్టాకులో ఉన్న 54 సైజు ఫ్రేమే, నాకు పెద్దదే, అంటగట్టారు. ‘అడ్జస్ట్ చేసేస్తాం మేడం’ అని సీటు ముందుకు జరిపి, దాని ముక్కు కిందికి వంచి, హ్యాండిల్ కింద రింగులు తీసేసి బాగా దించారు. దానికి ఫిట్టింగ్ చార్జీ వేరే. మా గ్రూపు కుర్రాళ్ళేమో ‘ప్రో లుక్ ఆంటీ’ అని మెచ్చుకున్నారు. 1993లో గ్రేమ్ ఓబ్రీ అనే స్కాట్లాండ్ సైక్లిస్టు చేతులు ఛాతీ కింద మడుచుకుని తొక్కి గంటలో 51.596 కిలోమీటర్ల రికార్డు కొట్టాడని కూడా చెప్పారు. ఆయన గొడవ రికార్డుది, నున్నటి వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల ట్రాక్ మీద. నా గొడవ షుగర్‌ది, గండిపేట గతుకుల్లో.

ఓ శనివారం లాంగ్ రైడ్ చేసొచ్చి పడుకున్నాను. అర్ధరాత్రి మెలకువ వచ్చేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారిపోయి ఉన్నాయి. గిల్లుకున్నా తెలియట్లేదు. మోచేతి దాకా జివ్వుమని లాగుతోంది. అదీ ఎడమ చెయ్యి. మా నాన్న పోయింది గుండెపోటుతోనే. ‘ఏవండీ, చెయ్యి...’ అనేలోపే మావారు లుంగీ మీదే కారు తాళాలు వెతకడం మొదలుపెట్టారు. అత్తయ్య పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి, ‘చిలుకూరు బాలాజీకి మొక్కాను, నువ్వేం భయపడకు’ అన్నారు. అలా అన్న ఆవిడ గొంతే వణుకుతోంది. కార్లో కూర్చుని పిల్లాడి ఫీజు కట్టాల్సిన తేదీ మావారికి చెబుతున్నాను, నేను లేకపోతే మర్చిపోతారని.

ఈసీజీ, రక్తపరీక్షలు, తెల్లారేదాకా మళ్ళీ అవే. గుండెకేం లేదన్నారు. అప్పుడు డ్యూటీ డాక్టరు ఫైల్లోంచి తలెత్తకుండా, ‘ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా? ఈ వయసు ఆడవాళ్ళకి మామూలే, టెన్షన్’ అన్నాడు. ఆ తర్వాత మావారి వైపు తిరిగి, ‘సైకిల్ మానిపించండి సార్’ అన్నాడు. నాతో అనలేదు, ఆయనతో అన్నాడు! ఆ రాత్రి వెంటనే చేర్చుకుని గుండె చూసినందుకు ఆ ఆస్పత్రికి దండం పెడతాను. ఆ మాట గుర్తొస్తే మాత్రం ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది. మొద్దుబారిన వేళ్ళని ఒక్కసారి ముట్టుకుని కూడా చూడలేదు.

ఇంటికొచ్చాక చుట్టాలదీ అదే పాట, సైకిల్ మానెయ్యమని. వేళ్ళు మాత్రం బాగుపడలేదు. చివరికి నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఓ కాగితం ఇచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా పట్టుకోమని లాగారు. కుడి చేతిలోంచి రాలేదు. ఎడమ బొటనవేలు కొస వంగిపోయి, కాగితం సులువుగా జారిపోయింది. ‘సైకిల్ మీద మీరు కూర్చున్న ఫోటో ఉందా?’ అని అడిగారు. అంతమందిలో ఆ మాట అడిగింది ఆవిడొక్కరే. చూసి, ‘బరువంతా అరచేతుల మీదే మోస్తున్నారు కదమ్మా’ అన్నారు. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు, గైయాన్ కెనాల్ అనే సన్నటి సందులోంచి అల్నార్ నరం వెళ్తుందట. హ్యాండిల్ అక్కడ అదేపనిగా నొక్కితే ఆ రెండు వేళ్ళూ మొద్దుబారతాయి. కరెంటు పెట్టి చేసే నరాల పరీక్షలోనూ అదే తేలింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కొన్నాళ్ళు సైకిల్‌కి సెలవు, రాత్రిపూట మణికట్టుకి పట్టీ.

మళ్ళీ ఎక్కేముందు మా మరిది సైకిల్ పట్టుకుంటే, నేను కూర్చుని చూసుకున్నాను. ఒకసారికి ఒక్కటే మార్చడం, చిన్న రైడ్ వెళ్ళి రావడం. ముందు సీటు సమంగా చేశాం, దాంతోనే సగం బరువు చేతుల మీంచి లేచింది. రింగులు మళ్ళీ వేయించి, హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే స్టెమ్ 100 మిల్లీమీటర్లది తీసేసి 70ది పెట్టించాం. మడమ పెడల్ మీద ఆనించి తొక్కితే, పెడల్ కిందికొచ్చినప్పుడు కాలు నిటారుగా ఉండేలా సీటు ఎత్తు. వెడల్పు టైర్లు, కాస్త తక్కువ గాలి. చివరికి ఆ ఫ్రేమే అమ్మేసి చిన్న సైజు కొన్నాననుకోండి. ఎదురుగాలిలో కుర్రాళ్ళు దాటేస్తారు, దాటనీ. ఇదివరకు చేతులు నొప్పెట్టి దిగిపోయేదాన్ని, ఇప్పుడు కాళ్ళు అలిసేదాకా తొక్కుతున్నాను. షుగర్ అందుకే దిగిందని నా నమ్మకం.

అత్తయ్య నమ్మకం వేరు. చిలుకూరులో 108 ప్రదక్షిణలకి తీసుకెళ్ళి, సగంలో మోకాళ్ళ నొప్పులని కూర్చుండిపోయి, ‘నా వంతు కూడా నువ్వే తిరుగు’ అన్నారు. లెక్క టిక్కులు పెట్టుకునే కార్డు ఎడమ చేత్తోనే పట్టుకుని తిరిగాను, ఒక్కసారీ జారలేదు. ఆవిడతో నేను వాదించను.

మీకూ ఎడమ చెయ్యి మొద్దుబారితే సైకిల్ వల్లేలే అని ఊరుకోకండి, ముందు గుండె చూపించుకోండి. గుండెకేం లేదంటే, సైకిల్ మీద కూర్చున్న ఫోటో పట్టుకుని నరాల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఫిట్టింగ్ డబ్బులు వెనక్కివ్వమని షాపుకి వెళ్తే, ‘అప్పుడు మీరేం అనలేదు కదా మేడం’ అన్నారు. ఇవ్వలేదు. మంచి రివ్యూ రాయమని మెసేజులు మాత్రం ఇప్పటికీ పెడుతూనే ఉన్నారు.