తార్నాక నుంచి కొమాలా దాకా

ఈ సంచికకు స్పానిష్ బ్యాచ్‌ల తరఫున ఎవరైనా రాయాలని అడిగినప్పుడు, నేను క్లాసు గురించే రాస్తానని చెప్పాను. హాస్టల్ కబుర్లు, పండగల కబుర్లు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. మేం ఆ గదుల్లో ఏం చదివామో మాత్రం బయట పెద్దగా ఎవరికీ తెలియదు. మా ఇంట్లోవాళ్లకు తెలిసింది ఒక్కటే: "స్పానిష్ వస్తే హైటెక్ సిటీలో మంచి జీతం." అది నిజమే, నేను చేరింది కూడా ఆ మాట పట్టుకునే.

నేను చేరేనాటికి మన ఇఫ్లూ, అంటే హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం అయిపోయింది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలు కలిసి సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూగా మారింది. అయినా తార్నాకలో ఆటో ఎక్కితే పెద్ద వయసు డ్రైవర్లకు సీఫెల్ అంటేనే తెలిసేది.

ఖమ్మం జిల్లాలో తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్ని. క్లాసులో ఢిల్లీ, కేరళ, బెంగాల్, మణిపూర్ పిల్లలు ఉండేవాళ్లు. వాళ్ల ఇంగ్లీష్ వింటేనే నాకు టెన్షన్. ఇంగ్లీషే సరిగా రానిదానికి ఇంగ్లీష్ ద్వారా ఇంకో భాష ఎలా వస్తుందని భయం. ఆ భయం తీర్చింది మా ప్రొఫెసోరా, అంటే మా స్పానిష్ టీచరమ్మ. మొదటి రోజు నుంచే క్లాసులో స్పానిష్ తప్ప ఇంకో భాష మాట్లాడలేదు. బొమ్మలు, సైగలు, బోర్డు మీద గీతలు, అంతే. దాంతో ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లూ నేనూ ఒకే గీత మీద నిలబడ్డాం.

కొన్ని వారాలు గడిచాక ఇంకో సంగతి గమనించాను. స్పానిష్‌లో ఉన్న అచ్చులు ఐదే, అవి మన అ, ఎ, ఇ, ఒ, ఉ లాగే స్పష్టంగా పలుకుతాయి. వాళ్ల త, ద మన త, ద లాగే పళ్లకు తగులుతాయి. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. ఈ రెండిటికీ తేడా చూపించలేక చాలామంది తంటాలు పడుతుంటే, బర్రె, గొర్రె, కర్ర అంటూ పెరిగిన నా నాలుకకు అది కష్టమే కాలేదు. నువ్వు, మీరు అన్న తేడా తూ, ఉస్తెద్ రూపంలో అక్కడా ఉంది. "వచ్చాను" అంటే చాలు, "నేను" అనక్కర్లేదు, అక్కడా అంతే. కాఫీ ఇష్టమని చెప్పాలంటే ఇంగ్లీష్‌లో మనిషి కర్త అవుతాడు. స్పానిష్‌లో "నాకు కాఫీ ఇష్టం" అన్నట్టే కట్టాలి. తలనొప్పి చెప్పడం కూడా అదే తీరు. ఇంగ్లీష్ మనసుతో ఆలోచించేవాళ్లు ఇక్కడ ఆగి లెక్క వేసుకునేవాళ్లు. నాకు నేరుగా వచ్చేసేది.

అన్నిచోట్లా తెలుగు ఆదుకుందని చెప్పను. స్పానిష్‌లో బల్ల ఆడది, పుస్తకం మగది. "ఆ"తో ముగిసే మాటలు సాధారణంగా స్త్రీలింగం అని నేర్చుకున్నామో లేదో, ప్రొబ్లేమా పుంలింగం అన్నారు. "ఆయన డాక్టర్" అంటే తెలుగులో క్రియే అక్కర్లేదు, అక్కడేమో ఉండటానికి సెర్, ఎస్తార్ అని రెండు క్రియలు. ఇవి బట్టీ పట్టి, రాసి రాసి వంటబట్టించుకోవాల్సినవే.

రెండో ఏడు సాహిత్యం మొదలైంది. "ఉద్యోగానికి భాష చాలు కదా, నాలుగు వందల ఏళ్ల నాటి పుస్తకాలెందుకు?" అని మాలో చాలామంది గొణిగారు. ఇప్పటికీ కొత్త బ్యాచ్‌ల వాళ్లు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. నాకు భాష నిజంగా పట్టుబడింది ఆ పుస్తకాల్లోనే అని వాళ్లకు గట్టిగా చెబుతాను.

ముందుగా "లాసారియో దె తోర్మెస్" చదివాం. 1554 నాటిది, రాసినవారి పేరు లేదు. 1559లో స్పెయిన్ చర్చి మతవిచారణవాళ్లు నిషేధించారు. ఆకలితో ఉన్న ఒక కుర్రాడు ఒక యజమాని తర్వాత ఇంకో యజమాని దగ్గర పనికి కుదురుతూ తన కథ తానే చెప్పుకుంటాడు. మూడో యజమాని పేరుకు పెద్దింటివాడు. ఇంట్లో గింజ లేదు, కుర్రాడు అడుక్కొచ్చిన రొట్టెలోనే వాటా తింటాడు. బయటికి మాత్రం పళ్లు కుట్టుకుంటూ వెళతాడు, భోంచేసినట్టు నలుగురికీ కనబడాలని. ఇతను ఎలాంటి మనిషని ప్రొఫెసోరా అడిగితే, నా నోటి నుంచి "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని తెలుగులోనే వచ్చేసింది. వచ్చీరాని స్పానిష్‌లో విడమరిచి చెప్పాను. ఆవిడ అక్కడితో పాఠం ఆపి, ప్రతి ఒక్కరినీ వాళ్ల భాషలో ఇలాంటి సామెత చెప్పమన్నారు. మలయాళం, బంగ్లా, మణిపురి, హిందీ, అన్నీ వచ్చాయి. పేద మర్యాదస్తుణ్ణి అందరం ఎరుగుదుం. ఆ గంటలో నేను మాట్లాడినంత స్పానిష్ అప్పటిదాకా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక హువాన్ రుల్ఫో. మెక్సికో రచయిత, 1955లో వచ్చిన నవల "పేద్రో పారమో". చిన్న పుస్తకం. రమేష్ మోహన్ లైబ్రరీలో కూర్చుని ఒక్కో పేజీకి గంట పట్టేలా చదివాను. తండ్రి అక్కడ ఉంటున్నాడని ఎవరో చెబితే కొమాలా అనే ఊరికి వచ్చానంటూ కొడుకు మొదలుపెడతాడు. ఆ ఒక్క వాక్యంలో మూడు క్రియలు: వచ్చాను, చెప్పారు, ఉంటున్నాడు. స్పానిష్‌లో మూడూ గతంలోనివే, కానీ మొదటి రెండూ ఒక రకం, మూడోది వేరు. అక్కడ గతానికి ముఖ్యంగా రెండు రూపాలు: జరిగి ముగిసిపోయిన పనికి ఒకటి, అప్పట్లో సాగుతూ ఉన్నదానికి ఇంకొకటి. వ్యాకరణం పుస్తకంలో ఎన్ని పట్టికలు చూసినా నాకు ఎక్కని తేడా ఇది. ఆ వాక్యం దగ్గర ఆగి తెలుగులో చెప్పుకుని చూశాను. చేశాను, చేసేదాన్ని. ఉన్నాడు, ఉండేవాడు. రెండు భాషల లెక్క ప్రతిచోటా కలవదు కానీ, ఆ రోజు నుంచి తప్పులు సగానికి సగం తగ్గాయి. కథలో కొమాలా నిండా చనిపోయినవాళ్ల గొంతులే. వాళ్లు అప్పట్లో ఎలా బతికేవాళ్లో, ఒక రోజు ఏం జరిగిందో చెబుతూ ఉంటారు. ఆ రెండు గతాలూ లేకుండా ఆ నవలే లేదు. వ్యాకరణం వేరు, సాహిత్యం వేరు అనే మాటను నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

మూడో ఏడు స్పెయిన్ కవి, నాటకకర్త లోర్కా రాసిన నాటకం "బెర్నార్దా ఆల్బా ఇల్లు" ఆడాం. భర్త పోయాక బెర్నార్దా తన ఐదుగురు కూతుళ్లకు ఎనిమిదేళ్ల మైల విధిస్తుంది. వీధి గాలి కూడా లోపలికి రాకూడదంటుంది. లోర్కా దీన్ని 1936 జూన్‌లో పూర్తి చేశాడు, ఆగస్టులో గ్రనాడా దగ్గర చంపేశారు. అప్పటికి అతని వయసు 38. నాటకం మొదటిసారి రంగస్థలం ఎక్కింది 1945లో, అదీ బ్యూనస్ ఐరిస్‌లో. మాకు అన్నీ ఆడవేషాలే. నాకు దాసి పోన్సియా పాత్ర ఇచ్చారు. బెర్నార్దా మాటల్లో ఎక్కువ భాగం ఆజ్ఞలు, నిషేధాలు. నన్ను ఏడిపించిన సబ్‌హుంతీవో క్రియారూపాలు (నిషేధాలు, కోరికలు లాంటివి చెప్పేటప్పుడు వాడేవి) రిహార్సల్స్‌లో వినీ వినీ చెవికి అలవాటైపోయాయి. రిహార్సల్ అయ్యాక టీ తాగుతూ, మా మా ఊళ్లలో ఇలాంటి ఇళ్ల గురించి ఒక్కొక్కరు చెప్పుకొచ్చారు. భర్త పోయాక మూల కూర్చోబెట్టిన మా అమ్మమ్మ గురించి నేను మొదటిసారి బయట మాట్లాడింది ఆ సాయంత్రమే.

మెక్సికో కవి ఒక్తావియో పాస్‌ను కూడా చదివాం. 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో మెక్సికో రాయబారి. మెక్సికో నగరంలోని త్లతెలోల్కోలో విద్యార్థుల మీద ప్రభుత్వం కాల్పులు జరిపించినందుకు నిరసనగా ఆ పదవి వదిలేశాడు. ఆ పాఠంలోనే ఇంకో సంగతి తెలిసింది. ఠాగూర్‌ను స్పెయిన్‌కు పరిచయం చేసిన సెనోబియా కాంప్రుబీ ఆయన్ను ఇంగ్లీష్ నుంచి అనువదించింది. మనం కూడా లాటిన్ అమెరికా రచయితలు నెరూడానూ, మార్కెస్‌నూ చాలావరకు ఇంగ్లీష్ మీదుగానే తెలుగులోకి తెచ్చుకున్నాం. ఆ అనువాదకుల మీద నాకు ఎంతో గౌరవం. వాళ్లు లేకపోతే ఆ పేర్లే మనకు తెలిసేవి కావు. కానీ స్పానిష్ నేర్చుకున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నాం. ఇన్‌వాయిస్‌లకూ, కస్టమర్ కాల్స్‌కూ ఆ భాష వాడుతున్నాం. అందులో తప్పేం లేదు, నా ఇల్లు గడుస్తున్నదీ రాత్రి షిఫ్టులో మెక్సికో, కొలంబియా కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగంతోనే. అయినా నేరుగా తెలుగులోకి తెచ్చే పని మనది కాకపోతే ఇంకెవరిది?

అందుకే మా బ్యాచ్ వాళ్లం కొందరం ఆదివారాలు ఆన్‌లైన్‌లో కలిసి చదువుతున్నాం, తెలుగు చేస్తున్నాం. ఇప్పుడు చేతిలో ఉన్నది 1953లో వచ్చిన రుల్ఫో కథల పుస్తకం. అందులో ఒక కథలో, మెక్సికో విప్లవం తర్వాత ప్రభుత్వం పంచిన భూమి చూడటానికి కొందరు రైతులు తెల్లవారుజాము నుంచి నడుస్తూ ఉంటారు. వాళ్లకు ఇచ్చింది నది ఒడ్డు నేల కాదు, నీళ్లూ చెట్లూ లేని బంజరు. వాన పడుతుందేమో అనుకుంటే ఒకే ఒక్క చినుకు రాలుతుంది. ఇక్కడ నాగలి దిగదయ్యా అంటే, కాగితం మీద రాసి ఇవ్వండి అంటాడు అధికారి. పట్టా చేతికొచ్చినా పంట పండని భూముల గురించి మన పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ కథ తెలుగు మొదటి ప్రతి పూర్తయింది, సంభాషణలు ఇంకా సరిచూడాలి. ఇప్పుడు స్పానిష్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా సరే, మొదటి సెమిస్టర్ వాళ్లయినా సరే, వచ్చి కూర్చోండి. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే మా గ్రూపు వివరాలు చెబుతారు.